నరంలోకి దారి – 4: లీత్ రేవు నుంచి బన్‌గావ్ దాకా

1831 అక్టోబరులో కలరా ఇంగ్లండ్‌లో దిగింది. ఈశాన్య తీరంలోని సండర్లాండ్ రేవులో మొదలై, బొగ్గు ఓడలు తిరిగే పట్నాలన్నిటికీ పాకింది. మనవాళ్లకు అది తెలియని జబ్బు కాదు. తెలంగాణ పల్లెలు గత్తర వచ్చిందని ఊళ్లు వదిలినా, కోస్తా జనం మరిడమ్మకు మొక్కుకున్నా ఆ భయంతోనే. బ్రిటన్‌కు మాత్రం అది కొత్త. పొద్దున పనికి వెళ్లిన మనిషి సాయంత్రానికి కళ్లు గుంటలు పడి, ఒళ్లు నీలంగా మారి, నాడి అందకుండా పడి ఉండేవాడు. స్పృహ మాత్రం చివరిదాకా ఉండేది. చూసేవాళ్లకు అదే ఎక్కువ బాధ.

ఈ ధారావాహికను గత సంచికల నుంచి చదువుతున్నవారికి గుర్తుండే ఉంటుంది. 1628లో విలియం హార్వే చేతికి కట్టు కట్టి, నరాల్లో రక్తం గుండె వైపే నడుస్తుందని చూపించాడు. 1656లో ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ రెన్ పక్షి ఈక గొట్టంతో కుక్క నరంలోకి మందు పంపాడు. 1667లో పారిస్‌లో జాన్ బాటిస్ట్ డెనీ గొర్రెపిల్ల రక్తాన్ని మనిషికి ఎక్కించాడు. తర్వాత ఒక రోగి చనిపోవడం, కోర్టు, నిషేధం. ఆ దెబ్బకు నరంలోకి ఏదైనా పంపాలన్న ఆలోచననే వైద్యులు చాలాకాలం పక్కన పెట్టారు. దానికి మళ్లీ ఊపు తెచ్చినవాటిలో కలరా ఒకటి.

ఆనాటి డాక్టరు కలరా రోగి మంచం దగ్గరికి వచ్చి ఏం చేసేవాడో ముందు చెప్పుకోవాలి. దండచేయికి పట్టీ బిగించి, మోచేతి మడత దగ్గర నరం కోసి, గిన్నెలోకి రక్తం తీసేవాడు. ఏ జబ్బుకైనా అప్పట్లో అదే మొదటి చికిత్స. విరేచనాలతో, వాంతులతో ఒంట్లో నీరంతా పోయి ఆరిపోతున్న మనిషి నుంచి ఇంకా రక్తం తీసేవారు. చాలామందికి అదీ వచ్చేది కాదు. కోసిన చోట తారులా నల్లగా, చిక్కగా నాలుగు చుక్కలు కారి ఆగిపోయేది. నరం ఎందుకు పారడం లేదన్న ప్రశ్న చాలామంది డాక్టర్లకు తట్టలేదు. ఇంకో నరం వెతికేవారు.

ఆ కోతకు ఎంచుకునే చోటు చిన్నదే అయినా ప్రమాదకరమైనది. మోచేతి మడతలో బయటివైపు ఒక నరం, లోపలివైపు ఒక నరం, రెండిటినీ కలుపుతూ మధ్యలో ఇంకొకటి ఉంటాయి. లోపలివైపుది తరచు లావుగా కనిపించి ఊరిస్తుంది. కానీ దానికి దగ్గరలోనే, పలుచని పొర కింద, చేతికంతా రక్తం పంపే ధమని కొట్టుకుంటూ ఉంటుంది. పక్కనే అరచేతికి స్పర్శనిచ్చే నర్వ్ ఉంటుంది. కత్తి కాస్త లోతుకు దిగితే ధమని తెగుతుంది. లండన్ వైద్యుడు విలియం హంటర్ 1757లో ఇలాంటి గాయాన్నే వివరించాడు. నరమూ ధమనీ రెండూ తెగి ఒకదానికొకటి అతుక్కుంటే, ధమని రక్తం నేరుగా నరంలోకి కొడుతుంది. మోచేతి దగ్గర ఉబ్బు తేలుతుంది, దాని మీద వేలు పెడితే లోపల అదురు తెలుస్తుంది. ఈరోజు ల్యాబ్‌లో రక్తం తీసే అమ్మాయి ముందు మధ్య నరాన్ని, లేకపోతే బయటివైపుదాన్ని చూస్తుంది. లోపలివైపు నరాన్ని చివరికి ఉంచుకుంటుంది. సూది దించేముందు వేలితో తడిమి, కింద కొట్టుకోవడం లేదని నిర్ధారించుకుంటుంది. ఆమెకు హంటర్ పేరు తెలిసి ఉండకపోవచ్చు. కానీ ఆ జాగ్రత్త అలా చేతులు పోగొట్టుకున్నవాళ్ల నుంచి వచ్చిందే.

సండర్లాండ్‌లో కలరా మొదలైన రెండు నెలలకు అక్కడికి ఒక కుర్రవాడు వెళ్లాడు. పేరు విలియం బ్రూక్ ఓషానసీ. ఐర్లండ్‌వాడు, ఎడిన్‌బరోలో వైద్యం చదివాడు, వయసు 22. అతను చేసింది అందరూ చేయగలిగినదే, కానీ దాదాపు ఎవరూ చేయనిది. కలరా రోగుల రక్తం తీసి, పారబోయకుండా పరీక్షించాడు. రక్తంలో నీరు బాగా తగ్గిపోయింది. ఉప్పులు తగ్గిపోయాయి. ఆ పోయినవన్నీ విరేచనంలో కనిపించాయి. 1831 డిసెంబరు ఆఖరున లాన్సెట్ పత్రికలో ఆ సంగతి ప్రకటించాడు. పోయిన నీటినీ ఉప్పునూ మళ్లీ రక్తంలోకి చేర్చాలని, అవసరమైతే నరం గుండానే చేర్చాలని సూచించాడు. ఒక రక్త పరీక్ష ఫలితం చూసి చికిత్స నిర్ణయించాలన్న ఆలోచన ఇంత స్పష్టంగా అంతకుముందు కనబడటం అరుదు. నా దృష్టిలో ఈ కథకు అసలు మలుపు ఇదే, సూది కాదు.

ఆ సూచన చదివి చేతల్లో పెట్టినవాడు థామస్ లాటా. ఎడిన్‌బరో పక్కన లీత్ రేవులో వైద్యుడు. ముందు ఉప్పునీటిని మలద్వారం గుండా ఎక్కించి చూశాడు. లాభం లేకపోగా వాంతులు, విరేచనాలు ఇంకా పెరిగాయి. 1832 మే నెలలో నేరుగా నరంలోకే వెళ్లాలని నిర్ణయించుకున్నాడు. మొదటి రోగి ఒక వృద్ధురాలు. అప్పటికే తెలిసిన మందులన్నీ వాడి, ఇక ఆశ లేదని వదిలేశారు. ముఖం పీక్కుపోయింది, కళ్లు లోపలికి పోయాయి, నాడి అందడం లేదు. ఇంతకంటే చెడేదేమీ లేదు గనుకే ఆయనకు ధైర్యం వచ్చింది.

ఆయన వాడిన సామాను గురించి లేఖలో స్పష్టంగా రాసిపెట్టాడు. రీడ్ పేటెంట్ సిరంజి అనే చేతి పంపు, దానికో మెత్తని గొట్టం, గొట్టం చివర సన్నని వెండి నాళం. గోరువెచ్చని నీళ్లలో మామూలు ఉప్పు, కాస్త సోడా. మోచేతి లోపలివైపు నరాన్ని కోసి, వెండి నాళాన్ని దూర్చి, మెల్లగా పంపు నొక్కసాగాడు. మొదట ఏ మార్పూ లేదు. ఔన్సు మీద ఔన్సు వెళుతోంది, ఆమె అలాగే పడి ఉంది. కాసేపటికి ఊపిరి తేలికైంది. పీక్కుపోయిన ముఖం నిండుకుంది, లోపలికి పోయిన కళ్లలో వెలుగు వచ్చింది, మణికట్టు దగ్గర నాడి మళ్లీ కొట్టుకుంది. అరగంటలో దాదాపు ఆరు పింట్లు, అంటే మన లెక్కలో సుమారు 3 లీటర్లు, వెళ్లాయి. చేతులూ కాళ్లూ వెచ్చబడ్డాయి. ఆమె గట్టి గొంతుతో తనకిక ఏ బాధా లేదని చెప్పి, సరదాగా మాట్లాడి, కాస్త నిద్రపోతే చాలంది.

లాటా ఆమెను ఆసుపత్రి సర్జన్‌కు అప్పగించి వెళ్లాడు. కొద్దిసేపటికే వాంతులు, విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. ఎవరూ మళ్లీ ఉప్పునీరు ఎక్కించలేదు. అయిదున్నర గంటల్లో ఆమె చనిపోయింది. మళ్లీ ఎక్కించి ఉంటే బతికేదని తనకు సందేహమే లేదని లాటా రాశాడు.

ఆయన మాట నిజమేనని ఇప్పుడు మనకు తెలుసు. తీవ్రమైన కలరాలో పెద్దవాళ్లు గంటకు ఒక లీటరు దాకా నీరు కోల్పోవచ్చు. నేటి పద్ధతి ప్రకారం షాక్‌లోకి వెళ్లిన 50 కిలోల మనిషికి మొదటి 3 గంటల్లో 5 లీటర్లు నరం గుండా ఎక్కించాలి. అందులో ఒకటిన్నర లీటరు మొదటి అరగంటలోనే. ఆ తర్వాత కూడా విరేచనంలో ఎంత పోతే అంత తిరిగి ఇస్తూ ఉండాలి. నరంలోకి దారి చేసి వదిలేస్తే సరిపోదు. దగ్గర కూర్చుని చూసుకునేవాళ్లు కావాలి. ఆ వేళ ఆ వృద్ధురాలి దగ్గర ఒక పంపు, ఒక బకెట్ ఉప్పునీరు, దాని పని తెలిసిన మనిషి ఒకరు ఉండి ఉంటే చరిత్ర మరోలా ఉండేదేమో.

లాటా లేఖ 1832 జూన్‌లో లాన్సెట్‌లో అచ్చయింది. అందులో చికిత్స వివరాల కంటే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నవి ఆయన చెప్పిన జాగ్రత్తలు. సిరంజిలో లోపం ఏమాత్రం ఉండకూడదు, లేకపోతే గాలి లోపలికి వెళుతుంది. ఒకసారి వాడిన రంధ్రం గుండా రెండోసారి ఎక్కించకూడదు. నరాన్ని చాలా సున్నితంగా చూసుకోవాలి, లేకపోతే అది వాచి చీము పడుతుంది. గాయం మానేదాకా కనిపెట్టుకుని ఉండాలి. క్రిములంటే ఏమిటో లోకానికి తెలియడానికి ఇంకా మూడు దశాబ్దాలు పడుతుంది. అయినా ఆయన కళ్లతో చూసి, చేత్తో తడిమి, ఇవన్నీ గ్రహించాడు. నరంలోకి లైన్ పెట్టేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్తలను ఇంత శ్రద్ధగా రాసిపెట్టిన తొలి వైద్యుల్లో ఆయన పేరు తప్పక చెప్పుకోవాలి.

ఇంత చేసినా ఆ పద్ధతి నిలవలేదు. ఇక చనిపోతారని తేలినవాళ్లకే ఎక్కించేవారు గనుక చాలామంది దక్కలేదు. నీళ్లు శుభ్రమైనవి కావు. ఉప్పు పాళ్లు కూడా తక్కువ. లాటా వాడిన నీటిలో ఉప్పు మన రక్తంలో ఉండేదాంట్లో సగం కూడా లేదు. అంత పలుచని నీరు పెద్ద మోతాదులో వెళితే ఎర్ర రక్తకణాలు ఉబ్బి పగులుతాయి. కొన్నాళ్లకు బ్రిటన్‌లో కలరా వెనక్కి తగ్గింది. లాటా 1833లోనే క్షయతో కన్నుమూశాడు. ఓషానసీ ఈస్టిండియా కంపెనీ కొలువులో కలకత్తా వచ్చి, మెడికల్ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పి, చివరికి కలకత్తా నుంచి ఆగ్రా, బొంబాయి, మద్రాసులకు టెలిగ్రాఫ్ తీగలు వేయించాడు. సర్ బిరుదు వచ్చింది ఆ తీగలకే.

కలకత్తాలోనే ఈ కథ మళ్లీ మొదలైంది, కానీ అందుకు 70 ఏళ్లకు పైగా పట్టింది. కలకత్తా మెడికల్ కాలేజీలో లియొనార్డ్ రోజర్స్ అనే డాక్టరు కలరా వార్డు చూసేవాడు. పలుచని ఉప్పునీరు ఎక్కిస్తే రోగి లేచి కూర్చుని, మళ్లీ కుప్పకూలడం ఆయనా చూశాడు. 1908 ప్రాంతంలో రక్తం కంటే ఉప్పు ఎక్కువగా ఉండే ద్రావణం వాడటం మొదలుపెట్టాడు. ఎంత ఎక్కించాలన్నది ఊహకు వదలలేదు. వేర్వేరు సాంద్రతల్లో గ్లిజరిన్ కలిపిన నీళ్ల చిన్న సీసాలు వరుసగా పెట్టుకునేవాడు. రోగి రక్తం ఒక్కో చుక్క ఒక్కో సీసాలో వేసి, ఎందులో మునుగుతుందో, ఎందులో తేలుతుందో చూసేవాడు. దాన్నిబట్టి రక్తం ఎంత చిక్కబడిందో, ఎన్ని పింట్లు కావాలో తేలేది. ఓషానసీ ప్రయోగశాలలో చేసిన పనిని రోజర్స్ మంచం పక్కకు తెచ్చాడు. ఆయన వార్డులో కలరా మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. గిన్నెల కొద్దీ రక్తం తీసి పారబోసిన చోటే నాలుగు చుక్కలు తీసి ప్రాణం నిలబెట్టగలిగారు.

అయినా ఇంకో చిక్కు మిగిలింది. సెలైన్ ఎక్కించిన గంటలోపే కొందరికి చలి, వణుకు, విపరీతమైన జ్వరం వచ్చేవి. కారణం ఎవరికీ అంతు పట్టలేదు. ఉప్పు పడలేదనేవారు, రోగి ఒంటి తత్వం అనేవారు. నీళ్లు కాచి, ఆవిరి పట్టి, మళ్లీ కాచినా జ్వరం రావడం ఆగలేదు.

ఆ ముడి విప్పింది ఫ్లారెన్స్ సీబర్ట్. చిన్నతనంలో పోలియో వచ్చి కుంటుతూ నడిచే అమెరికన్ యువతి. 1920ల మొదట్లో యేల్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ ఆమె ఆ నీళ్ల వెంట పడింది. క్రిములు చచ్చినా వాటి ఒంటిలోని పదార్థం నీళ్లలో మిగిలిపోతుందని, మామూలుగా కాస్తే అది నశించదని, జ్వరం తెచ్చేది అదేనని తేల్చింది. మరి ఆవిరి పట్టిన నీళ్లలోకి అది ఎలా వస్తోంది? నీరు గబగబా మరిగేటప్పుడు ఎగిరే సన్నని తుంపర ఆవిరితో పాటు అవతలి పాత్రలోకి వెళ్లిపోతోంది. ఆ తుంపరను పట్టి ఆపే అడ్డును గొట్టంలో అమర్చింది. జ్వరాలు ఆగాయి. ఆ తర్వాతే ఫ్యాక్టరీలో తయారై మూతబిగించిన సెలైన్ సీసాలు ఆసుపత్రులకు రావడం మొదలైంది. 1930ల నాటి సంగతి అది. అంతకుముందు ఏ ఆసుపత్రికి ఆ ఆసుపత్రే తన ఉప్పునీరు కాచుకునేది. సీబర్ట్ తర్వాత క్షయ పరీక్షకు వాడే ట్యూబర్‌క్యులిన్‌ను శుద్ధిచేసి మరింత పేరు తెచ్చుకుంది. కానీ లోకంలో ఎక్కడ ఎవరికి సెలైన్ ఎక్కుతున్నా అందులో ఆమె పని ఉంది. ఆ పేరు మన నర్సింగ్ పాఠ్యపుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాలతో ఉండాలి.

నీళ్లు బాగుపడ్డాయి, సూది మిగిలింది. 1950 దాకా నరంలో ఎక్కువగా ఉంచినది ఉక్కు సూదే. దాని మొన కత్తిలా కోసుకుపోయేది గనుక, చెయ్యి కదిలితే చాలు, నరం గోడను చీల్చుకుని బయటికి వచ్చేది. అందుకే చేతిని చెక్కకో అట్టకో కట్టేసేవారు. రాత్రంతా అలా ఉండటం రోగికి నరకం. పసిపిల్లల చేతికి అట్ట కట్టే అలవాటు ఇప్పటికీ ఉంది. అమెరికాలో రోచెస్టర్‌లోని మేయో క్లినిక్‌లో మత్తు వైద్యం నేర్చుకుంటున్న డేవిడ్ మాసా ఉక్కు సూదికి సన్నని ప్లాస్టిక్ తొడుగు వేశాడు. సూదితో దారి చేసి, సూదిని తీసేసి, మెత్తని తొడుగును మాత్రం నరంలో వదిలేయడం ఆయన ఉపాయం. 1950లో అది ప్రకటించారు. ఇప్పుడు మన ఆసుపత్రుల్లో అందరూ వెన్‌ఫ్లాన్ అని, క్యానులా అని పిలిచేది ఆ తొడుగు వంశమే.

అది పెట్టేటప్పుడు ఒక మంచి నర్సు చేతులను ఎప్పుడైనా దగ్గరగా చూడండి. ముందు పేరు అడుగుతుంది, కేస్‌షీటుతో సరిచూసుకుంటుంది. చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకుంటుంది. గుచ్చే చోటుకు నాలుగు వేళ్లు పైన పట్టీ బిగిస్తుంది, నరం ఎంచుకుంటుంది. స్పిరిట్‌తో తుడిచి ఆరనిస్తుంది. ఆ అర నిమిషం ఓపికే క్రిములను చంపుతుంది, తడి మీదే గుచ్చితే మంట తప్ప ఫలితం ఉండదు. తుడిచాక ఆ చోటును మళ్లీ వేలితో తాకదు. కింది చర్మాన్ని బొటనవేలితో లాగి పట్టి, సూదిని వాలుగా దించుతుంది. వెనక గదిలో ఎర్రగా రక్తం మెరిసిన క్షణం ఆగి, సూదిని ఇంకా వాల్చి, ఒక్క పిసరు ముందుకు జరుపుతుంది. ఇక సూదిని కదలనివ్వకుండా, తొడుగును మాత్రం దాని మీదుగా నరంలోకి జార్చుతుంది. ఒకసారి వెనక్కి తీసిన సూదిని తొడుగులోకి మళ్లీ దూర్చదు, ఎందుకంటే మొన తొడుగును కోస్తే ఆ ముక్క రక్తంలో కొట్టుకుపోవచ్చు. పట్టీ విప్పుతుంది. సూదికి మూత పెట్టే ప్రయత్నం చేయకుండా నేరుగా సూదుల డబ్బాలో వేస్తుంది. తన వేలికి గుచ్చుకుంటే ఆ రోగి రక్తంలోని జబ్బు తనకు రావచ్చని తెలుసు. చివర్లో ప్లాస్టర్ మీద తేదీ, టైమ్ రాస్తుంది. మొత్తం రెండు మూడు నిమిషాల పని. లాటా రాసిన జాగ్రత్తలు, సీబర్ట్ కనిపెట్టిన నిజం, మాసా తొడుగు, ఎవరికీ పేరు తెలియని ఎందరో రోగుల బాధ, అన్నీ ఆ రెండు మూడు నిమిషాల్లో ఉన్నాయి.

పరీక్ష కోసం రక్తం తీసేటప్పుడూ ఇదే శ్రద్ధ కావాలి. పట్టీ నిమిషానికి మించి బిగించి ఉంచినా, పిడికిలి పదేపదే మూసి తెరవమన్నా రక్తంలో పొటాషియం లెక్క తప్పుగా పెరిగి కనబడుతుంది. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే తీస్తే పరీక్షకు వెళ్లేది సగం సెలైనే. ట్యూబు మీద పేరు రోగి ఎదుటే రాయాలి, బల్ల దగ్గరికి వెళ్లాక కాదు. ఇద్దరి ట్యూబులు తారుమారైతే ఒకరి గ్రూపు రక్తం మరొకరికి ఎక్కుతుంది, ప్రాణం పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో రక్తం తీయడం మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది. ఇంత చిన్న పనికి అంత పుస్తకమా అనిపించవచ్చు. కానీ లోకంలో రోజూ ఇంతమందికి, ఇంత మామూలుగా, చర్మం దాటి లోపలికి వెళ్లే పనులు చాలా తక్కువ.

1971కి వద్దాం. ఆ ఏడాది రెండు సంఘటనలు జరిగాయి. ఒకటి అమెరికాలో. ఒక పెద్ద కంపెనీ సెలైన్ సీసాల మూతల లోపలి పొరలో క్రిములు చేరి, దేశమంతటా ఆసుపత్రుల్లో రోగుల రక్తం విషమైంది. మార్చిలో ఆ సీసాలన్నిటినీ వెనక్కి పిలిపించారు. అంత సంపన్న దేశంలో, ఫ్యాక్టరీ మూత బిగించి ఇచ్చిన సీసా కూడా నమ్మకద్రోహం చేయగలదని తేలింది.

రెండోది మనకు దగ్గర్లో. తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధం. లక్షల మంది కాందిశీకులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చారు. బన్‌గావ్ శిబిరాల్లో కలరా విరుచుకుపడింది. చిన్న ఆసుపత్రి, మంచాలు చాలక నేల మీదే రోగులు. కలకత్తా నుంచి వెళ్లిన డాక్టర్ దిలీప్ మహాలనబిస్ వాంతులు, విరేచనాల మధ్య మోకాళ్ల మీద కూర్చుని సెలైన్ పెట్టాల్సి వచ్చింది. సీసాలు అయిపోవస్తున్నాయి. సూది పెట్టగలిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

ఆయన అప్పుడు తీసుకున్న నిర్ణయానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. గ్లూకోజు ఉంటే పేగు ఉప్పునూ నీటినీ లోపలికి లాక్కుంటుందని, కలరాలో కూడా ఆ శక్తి పోదని అప్పటికే శాస్త్రవేత్తలు చూపించారు. కానీ అది ఆసుపత్రుల్లో, డాక్టర్ల కంటి ముందు జరిగిన పరిశోధన. వేలాది మందికి, చదువు రాని బంధువుల చేతుల మీదుగా తాగించవచ్చని ఎవరూ నిరూపించలేదు. కలకత్తాలో తాము పనిచేసే పరిశోధన కేంద్రం లైబ్రరీ గదిలో ఆయన బృందం పొట్లాలు కట్టింది. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల తినే సోడా. పాలిథిన్ సంచుల్లో పోసి, ఇస్త్రీ పెట్టెతో అంచులు అతికించారు. శిబిరంలో డ్రమ్ముల్లో కలిపి, తల్లుల చేత, అన్నదమ్ముల చేత గ్లాసులతో తాగించారు. నాడి అందనివాళ్లకు మాత్రమే సెలైన్ ఉంచారు. అంతకుముందు నూటికి 30 మంది దాకా చనిపోతున్న చోట మరణాలు 3.6 శాతానికి దిగాయి.

లాటా లేఖను అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 1978లో, పేగులో గ్లూకోజూ ఉప్పూ కలిసి ప్రయాణిస్తాయన్న ఆవిష్కరణ ఈ శతాబ్దపు వైద్యంలో బహుశా అన్నిటికన్నా ముఖ్యమైనదని రాసింది. మహాలనబిస్ 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. బతికి ఉండగా ఇవ్వాల్సింది.

కలరా మనకు నేర్పిన ఈ రెండు పాఠాలను కలిపి చూడాలి. షాక్‌లోకి వెళ్లినవాడికి, స్పృహ లేనివాడికి, తాగింది తాగినట్టు కక్కేవాడికి నరమే దారి. అక్కడ ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు, లావు క్యానులా పెట్టి ధారగా వదలాలి. తాగగలిగినవాడికి ఆ దారి అక్కర్లేదు. మన ఊళ్లలో ఇప్పటికీ కాస్త నీరసమనగానే ఒక సీసా పెట్టించుకుని వద్దామని బయల్దేరుతారు. పెట్టకపోతే ఆ డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లరు. లీటరు సెలైన్‌లో ఉండేది 9 గ్రాముల ఉప్పు, నీళ్లు. బలాన్నిచ్చేది అందులో ఏమీ లేదు. గ్లూకోజు సీసా అయితే లీటరుకు 50 గ్రాముల చక్కెర. అంత మాత్రానికి చర్మం దాటి రక్తంలోకి ఒక దారి తెరిచి, క్రిములకు అవకాశం ఇవ్వడం నాకు న్యాయంగా తోచదు. పైగా చిన్న క్లినిక్‌లో ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే జరిగే నష్టం జీవితాంతం ఉంటుంది.

కాబట్టి ఈ సంచిక చదివినవారికి నా మనవి ఒకటే. ఇంట్లో ఎవరికైనా విరేచనాలైతే ముందు ఓఆర్ఎస్, అంటే ఆ గ్లూకోజు ఉప్పునీరు, కలిపి గుక్కగుక్కగా తాగించండి. తాగలేకపోతే, మూత్రం ఆగిపోతే, మగతగా ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, సెలైన్ పెట్టనివ్వండి. చేతికి క్యానులా పెడితే ఆ చోటును రోజూ చూడండి. ఎర్రబడినా, వాచినా, నొప్పి పెట్టినా, చీము కనిపించినా అడిగి తీయించండి. దాని పని అయిపోయాక రేపు తీద్దాంలే అంటే ఒప్పుకోకండి. కొత్త సూది మీ ఎదురుగా ప్యాకెట్ చించి తీయమని అడగండి. అడిగినందుకు మంచి నర్సు ఎవరూ నొచ్చుకోరు.

వచ్చే సంచికలో నైలు నది ఒడ్డుకు వెళదాం. పొలాల్లో నీటి పురుగు తెచ్చే జబ్బు నుంచి కాపాడాలని ఈజిప్టు ప్రభుత్వం 1950ల నుంచి 1980ల దాకా పల్లెపల్లెనా నరానికి ఇంజెక్షన్లు వేయించింది. సరిగా ఉడకబెట్టని గాజు సిరంజిల వల్ల అక్కడ ఒక తరంలో చాలామందికి కాలేయం జబ్బు అంటుకుంది.